ఫంగస్ చదివిన ఆడపిల్లలకి నెల్లూరులోనే ల్యాబ్ పెట్టండి సార్

రాష్ట్ర వ్యవసాయ, మత్స్య శాఖల మంత్రి గారికి నమస్కారాలండి.

సార్, నాది కావలి సైడు. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి ఒక ప్రైవేట్ ల్యాబ్‌లో రొయ్య సీడుకి, అంటే గుంటలో వదిలే రొయ్య పిల్లలకి, జబ్బులున్నాయేమో చూసే పీసీఆర్ టెస్టులు చేస్తా ఉంటాను. రెండు శాఖలూ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి మీకే రాస్తన్నా, ఎందుకంటే నేను చెప్పే సమస్య సగం వరి మడిలో ఉంది, సగం రొయ్యల గుంటలో ఉంది.

ముందు గుంట సంగతి చెప్తా. ఈహెచ్‌పీ అనే రొయ్యల జబ్బంటే ఇక్కడ ఏ రైతుకైనా తెలుసు, రొయ్య చావదు, మేత తింటానే ఉంటది కానీ సైజు రాదు, మేత ఖర్చంతా పెట్టి చివరికి చిన్న రొయ్య అమ్ముకోవాల. అది బ్యాక్టీరియా కాదు వైరస్ కాదు, మైక్రోస్పోరిడియా అని ఫంగస్‌కి దగ్గరి చుట్టం, రైతులు లివర్ అనే హెపటోపాంక్రియాస్‌లో దూరి అక్కడి కణాల్లో పెరుగుద్ది. దాన్ని పోగొట్టే నమ్మకమైన మందు లేదు సార్. టెస్ట్ చేసిన సీడు వదలడం, పంటకీ పంటకీ మధ్య గుంట బాగా ఎండబెట్టి సున్నం కొట్టడం, అంతే. అయినా షాపోళ్ళు ఏదో ఒక డబ్బా ఇస్తానే ఉంటారు, రైతు పోస్తానే ఉంటాడు.

మడిలోనూ ఇదే కథ. అగ్గి తెగులుకి కొట్టే ట్రైసైక్లజోల్ పాము పొడ తెగులుకి పనిచేయదు, బ్యాక్టీరియా ఎండాకు తెగులు అసలు ఫంగసే కాదు, కానీ ఆకు మీద మచ్చ కనపడితే చాలు అన్నిటికీ అదే. ఒంగోలు వైపు శనగకి వచ్చే ఎండు తెగులు ఫ్యుజేరియం అనే ఫంగస్ వల్ల, అది నేలలోనే ఏళ్ళ తరబడి ఉండిపోద్ది.

మరి ఇవి చదివినోళ్ళు లేరా అంటే బోలెడుమంది ఉన్నారు. మా క్లాసులో ఎక్కువమంది ఆడపిల్లలమే. ఒకామె హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీలో మందుల క్వాలిటీ చూసే క్యూసీలో ఉంది, ఒకామె స్కూల్లో టీచరు, ఇద్దరు ముగ్గురు ఇంట్లోనే. రీసెర్చ్ అంటే ఊరు వదిలి పోవాల, అదీ ప్రాజెక్ట్ ఉన్నన్నాళ్ళే జీతం. సంబంధం చూసేదానికి వచ్చినోళ్ళు "ఆ ఉద్యోగం ఎన్నాళ్ళుంటదమ్మా" అంటారు, ఆ ప్రశ్నలో తప్పు కూడా లేదులెండి. కేంద్రం వాళ్ళది సైన్స్ చదివిన ఆడవాళ్ళకి వైజ్-కిరణ్ అని ఒక పథకం ఉంది, కెరీర్ మధ్యలో ఆగిన ఆడవాళ్ళకి కూడా మంచిదే, కానీ దానికి అప్లై చేయాలన్నా మమ్మల్ని చేర్చుకునే ల్యాబ్ ఒకటి ఉండాలి గదా.

నెదర్లాండ్స్‌లో యోహన్నా వెస్టర్‌డైక్ అని ఒకావిడ, 1917లో ఆ దేశానికి మొదటి మహిళా ప్రొఫెసర్ అయింది, చదివింది మొక్కల తెగుళ్ళు. ఆమె దగ్గర పీహెచ్‌డీ చేసినోళ్ళలో దాదాపు సగం మంది ఆడవాళ్ళే. యూరప్‌లో ఎల్మ్ చెట్లు వరసపెట్టి ఎండిపోతా ఉంటే కారణం ఫంగస్ అని ఆమె స్టూడెంట్ బీ స్వార్జ్ చెప్పింది, చానామంది నమ్మలా, 1927లో క్రిస్టీన్ బ్యూస్‌మన్ అనే ఇంకో అమ్మాయి నిరూపించి నోళ్ళు మూయించింది. ఒక్క ల్యాబ్ తలుపు తెరిచి ఉంచినందుకు వచ్చిన ఫలితం సార్ అది.

నేను అడిగేది కూడా అంతే. వరి, రొయ్య, శనగ మూడూ ఒకే చోట చూసే ఫంగస్ ల్యాబ్ ఒకటి నెల్లూరులో పెట్టండి, ఫెలోషిప్‌లు కనీసం ఐదేళ్ళయినా ఉండాల, కాన్పుకి ఆగితే ఆ టైము ఏజ్ లిమిట్‌లో లెక్కేయకూడదు. ఫీల్డుకి పోయేదానికి ఆఫీసు బండి ఇవ్వాల, గుంటల దగ్గరి నుంచి సాయంత్రం దాటితే బస్సులుండవు (ఇది చిన్న విషయం అనుకుంటారేమో, మా ఇళ్ళల్లో మొదటి గొడవ దీని మీదే). తెగులు ఫంగస్‌ని అణిచే ట్రైకోడెర్మా అనే మంచి ఫంగస్ ప్యాకెట్లు ఎక్కడెక్కడి నుంచో తెప్పించే బదులు మన నేలల్లో దొరికే రకాలు వేరుచేసి, ఏది పనిచేస్తదో చూసే పని కూడా అక్కడే పెట్టొచ్చు.

మీరు ఈసారి నెల్లూరు వస్తే ఎలాగూ రొయ్య రైతులతో మీటింగ్ ఉంటది. ల్యాబుల్లో చేసే ఆడపిల్లల్ని కూడా దానికి పిలవండి సార్, సీడు రిపోర్టులు రాసేది మేమే, మా దగ్గర చెప్పేదానికి చానా ఉంది.

ఇట్లు,
కావలి నుంచి ఒక ల్యాబ్ ఉద్యోగిని