దొంగలకు లేని బుగులు మీకెందుకు సారూ?

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

హనుమకొండ నుంచి ఒక రిటైర్డు అటెండరు నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

మా పాత సంగీత సభా మందిరం మరమ్మతుల సంగతి మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. శిలాఫలకం మీద ఉన్న పేరు మీదే. ఆ రోజు మీరు కొట్టిన కొబ్బరికాయ చిప్పలు ఏరింది నేనే. ఉగాదికి తెరుస్తామన్నారు, తర్వాత దసరాకన్నారు. ఏ సంవత్సరం దసరా అని మేమూ అడగలేదు, తప్పు మాదే. ప్రజావాణిలో ఏడు అర్జీలు ఇచ్చాను. ఏడింటి రసీదులూ ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉన్నాయి. ఆరింటికి పై అధికారులకు పంపామని చీటీ వచ్చింది. ఏడోదానికి మాత్రం జవాబే వచ్చింది. అది చదివినంక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

అందులో ఏముందంటే, ఆ భవనంలో రాత్రిపూట వింత చప్పుళ్లు వస్తున్నాయనే ప్రచారం ఉందట. అందుకని కాపలాకు మనుషులు దొరకడం లేదట. కూలీలు లోపలికి పోవడానికి జంకుతున్నారట. పనులు తగిన సమయంలో చేపడతారట. ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు కాయితాలు మోసినవాణ్ని సారూ. వానలకు ఆగిన పనులు చూశాను, ఎన్నికల కోడ్‌కు ఆగినవి చూశాను, బిల్లులు రాక కాంట్రాక్టర్లు వదిలేసి పోయినవి లెక్కలేనన్ని చూశాను. దయ్యం పేరు మీద ఆగిన ఫైలును చూడటం ఇదే మొదలు.

పైగా ఆ దయ్యాన్ని పుట్టించింది నేనే.

నేను కొలువుకు ఎక్కిన కొత్తలో హాలు వెనక తలుపుకు గడియ సరిగా పడేది కాదు. కచేరీ అయిపోయి లైట్లు ఆర్పగానే పత్తాలు ఆడేవాళ్లు ఆ తలుపులోంచి దూరేవాళ్లు. పత్తాల తర్వాత సీసాలు. మఖ్మల్ తెర ఊడదీసి కింద పరుచుకుని పడుకునేవాళ్లు. కాపలాకు ఉన్నది ఒకే ఒక్క తాత, చేతిలో కట్టె, సగం వెలిగే టార్చి. తాత వాళ్లను మందలించాల్సింది పోయి, వాళ్లే తాతను బెదిరించేవాళ్లు. ఒకసారి పేరిణి నాట్య ప్రదర్శన అయిన మర్నాడు చౌరస్తాలో చాయ్ తాగుతూ ఊరికే అన్నాను: "ఆట అయిపోయినంక గూడ రాత్రి గజ్జెలు మోగుతున్నయట, తాత పోయి చూస్తే ఎవ్వరు లేరట." అంతే, అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. మూడో రోజుకు ఆ కథ తెల్లచీర కట్టుకుని నా దగ్గరికే తిరిగొచ్చింది. ఎవరో నాట్యగత్తె అట, భద్రకాళి చెరువులో దూకిందట, అమాస రాత్రి వచ్చి ఆడిపోతదట. నేను గజ్జెలే ఇచ్చాను, చీర, చెరువు, అమాస జనం పెట్టుకున్నారు. పత్తాల బ్యాచి మళ్లీ ఆ గడప తొక్కలేదు. జీతం, సెలవు, పింఛను ఏదీ అడగని వాచ్‌మన్‌ను ఆ రోజు సర్కారుకు సంపాదించి పెట్టాను. దానికి మీరు ఇచ్చిన బహుమానం ఆ జవాబు కాయితం.

ఇందులో చిత్రమేమిటంటే గజ్జెలు నిజంగానే మోగేవి. తాత రాసిన డ్యూటీ రిజిస్టరు నేను కళ్లారా చూశాను. నీలం సిరా, తలకట్లు లేని అక్షరాలు. "రా. 2.10. స్టేజి మీద గజ్జెలు. పోయి చూసిన. ఎవరు లేరు. వచ్చి కూసున్న." దాని కింద గీతలోనే "రా. 2.40. మల్ల గజ్జెలు. పోలేదు." ఆ "పోలేదు" చదివి మేమంతా కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. తాత మాత్రం ఎములాడ రాజన్న గుడికి పోయి కోడె మొక్కు కట్టి వచ్చిండు. తర్వాత ఒక రాత్రి ఇద్దరం కలిసి కూర్చుని కనిపెట్టాం. పై కిటికీ అద్దం పగిలి, అందులోంచి గాలి కొడితే తెర కమ్మీకి ఉన్న ఇత్తడి రింగులు ఒకదానికొకటి తాకేవి. ఖాళీ హాలు, డంగుసున్నం గోడలు, ఎత్తైన కప్పు. అక్కడ చిటికె వేసినా మూడుసార్లు తిరిగొస్తది. కారణం తెలిసినా తాతా నేనూ బయట చెప్పలేదు. ఉద్యోగంలో ఉన్న దయ్యాన్ని ఎవరు తీసేస్తారు?

తంబూర సంగతి ఇంకా మంచిది. వాద్యాల గదిలో గోడకు ఆనించిన తంబూర అర్ధరాత్రి తనంతట తానే సన్నగా "సా" అనేది. ఊడ్చే అక్క ఆ గదికి పసుపు బొట్లు పెట్టింది. ఒక విద్వాంసుడు వచ్చినప్పుడు భయపడుతూనే చెప్పాం. ఆయన నవ్వలేదు. రెండు తంబూరలు ఒకే శ్రుతికి కలిపి, ఒకదాని తీగ మీద చిన్న కాయితం ముక్క మడిచి పెట్టాడు. రెండోది మీటాడు. దీన్నెవరూ ముట్టలేదు, కాయితం మాత్రం ఎగిరి కింద పడ్డది. ఒకే శ్రుతిలో ఉన్న తీగకు పక్క తీగ పలికితే ఊరుకోవడం చేతకాదయ్యా అన్నాడు. ఆ రాత్రి చెవులు రిక్కించి కూర్చున్నాం. కాజీపేట దిక్కు నుంచి రైలు కూత వేసింది, గదిలో తంబూర పలికింది. తీగల మీద అరచెయ్యి పెట్టాను, ఆగింది. ఇంకో బండి కూతకు చెయ్యి తీశాను, మళ్లీ పలికింది. నా ఒళ్లు జలదరించింది సారూ. దయ్యం లేదని తెలిసినందుకే జలదరించింది.

మూడో వరుసలో చివరి కుర్చీ ఉండేది, స్ప్రింగు పోయింది, దానంతటది కిందికి వాలేది. ఒక్క కచేరీ తప్పకుండా వచ్చి కన్నుమూసిన ఒక పెద్దాయన కుర్చీ అది. పాట బాగుంటే వాలుతుందని, శ్రుతి తప్పితే లేస్తుందని మాలో మాట. కచేరీ మొదలు పెట్టేముందు ఆ కుర్చీ వంక ఓరగా చూసిన పెద్ద పెద్ద పాటగాళ్లు నాకు తెలుసు. హార్మోనియం కథ కూడా ఉంది, అది ఎలుకలతో ముగుస్తది కాబట్టి వదిలేస్తున్నాను.

ఇవి దయ్యాల కథలు కావు. ఆ హాలును ఎవరు ఎంత ప్రేమగా చూసుకున్నారో ఇవి చెప్తయి. రామప్ప గుడిలో రాతి శిల్పం మీద వేలితో తడితే స్వరాలు పలుకుతయని గైడు చూపిస్తే మీరు, మేము, కలెక్టర్లు, ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లు అందరం చప్పట్లు కొడతాం. 1213లో కట్టిన ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వస్తే మిఠాయిలు పంచుకున్నాం. అక్కడ రాయి పలికితే వారసత్వమట, మా హాల్లో తీగ పలికితే దయ్యమట. పైగా మా ఓరుగల్లు మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ పుట్టిన ఊరు. ఖాళీ స్టేజి మీంచి నూరు గొంతులు వినిపించినా ఓరుగల్లోడు తల తిప్పి చూడడు, ఎవరో సాధన చేస్తున్నారనుకుంటాడు.

మా చిన్న బిడ్డ అమెరికాలో నాష్‌విల్‌లో ఉంటది. అక్కడ రైమన్ ఆడిటోరియం అని ఉందట. టామ్ రైమన్ అనే పడవల కెప్టెను పూనుకుని కట్టించిన ప్రార్థనా మందిరం, 1892లో తెరిచారు. 1943 నుంచి 1974 దాకా గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే రేడియో కచేరీ అక్కడి నుంచే నడిచింది. అది వేరే చోటికి పోయినంక దాదాపు ఇరవై ఏళ్లు హాలు బోసిపోయింది, కూలగొడతామన్న మాట కూడా నడిచింది. కథలు అక్కడా ఉన్నయి. కెప్టెనుకు నచ్చని ఆట ఆడితే ఆయన ఆత్మ గోల చేస్తదట. 1953లో పోయిన హ్యాంక్ విలియమ్స్ అనే గాయకుడి పాట ఇంకా వినిపిస్తదట. అక్కడి సిబ్బందీ మా అసొంటోళ్లే అన్నమాట. తేడా ఒక్కటే. వాళ్లు 1994లో హాలు బాగు చేసుకుని తలుపులు తెరిచారు, ఇప్పుడు ఆ ఊళ్లో దయ్యాల కథలు చెప్తూ టికెట్టు పెట్టి తిప్పుతున్నారు. మా దయ్యాల మీద మీకు రూపాయి రాబడి లేకపోగా, వాటినే సాకు చేసుకున్నారు.

కాపలాకు మనుషులు దొరకడం లేదన్న మాట దగ్గరికి వద్దాం. చివరికి పెట్టిన ఇద్దరు పిలగాళ్లు ఔట్‌సోర్సింగ్ వాళ్లు. ఐదు నెలలు జీతం రాలేదు. ఆరో నెల పెట్రోలుకు పైసల్లేక ఇంట్ల కూసున్నరు. వాళ్లను దయ్యం బెదిరించలేదు, కిరాణా కొట్టు షావుకారు బెదిరించిండు. ఈ మాట మీ ఫైల్లో ఎక్కడా లేదు.

కాపలా లేని హాల్లోకి మొన్న వానకాలంలో దొంగలు దిగారు. పంచనామాకు పాత మనిషినని నన్నూ పిలిచారు. తాళం తీసిన రోజు లోపల చూసింది మరిచిపోలేకపోతున్నాను. గోడలు చీల్చి రాగి వైరు మొత్తం లాక్కుపోయారు. స్టేజి మీద కప్పు కారి టేకు చెక్క ఉబ్బి లేచింది. నా అడుగు పడితే మెత్తగా దిగబడ్డది. ఆ చెక్క మీద చెప్పులతో ఎక్కినందుకు ఒక పెద్ద నాయకుణ్ని కిందికి దింపినవాణ్ని నేను. తంబూర బుర్ర పగిలి రెండు చెక్కలైంది, లోపల ఎలుక గూడు పెట్టింది. తబలా మూతల మీద బూజు. రిజిస్టర్లు తడిసి ముద్దయినయి, తాత నీలం సిరా ఏ పేజీలో కారిపోయిందో వెతకడానికి కూడా మనసొప్పలేదు. తలెత్తి చూస్తే తెర కమ్మీ ఖాళీగా ఉంది. ఇత్తడి రింగులు ఒక్కటి మిగల్చలేదు. ఇక గాలి కొట్టినా గజ్జెలు మోగవు. అంటే సారూ, దయ్యాన్ని కూడా దొంగలే ఎత్తుకుపోయిండ్రు. మీ ఫైల్లో మాత్రం అది ఇంకా తిరుగుతనే ఉంది.

ఆ దొంగలకు లేని బుగులు మీ శాఖకెందుకు? తనిఖీకి వచ్చిన సారు కూడా పట్టపగలు మూడు గంటలకు గబ్బిలం కొట్టిన రెక్కకు గుమ్మం మీంచే వెనక్కి తిరిగారు. గుమ్మం బయటి నుంచి రాసిన అంచనాకు నిధులెట్లొస్తయి?

కొత్త హాళ్లు వద్దని నేననడం లేదు. బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో పునాది వేస్తే 2024 నవంబరులో తెరిచారు. పోయి చూసొచ్చాను, కుర్చీలు మెత్తగా ఉన్నయి, సంతోషం. వేయిస్తంభాల గుడి ముందటి మండపాన్ని 2006లో విప్పితే 2024లో మళ్లీ నిలబెట్టారు. పద్దెనిమిదేళ్లు పట్టింది, అయినా నిలబెట్టారు. ఇప్పుడు నాకు అరవై ఆరు. ఇంకో పద్దెనిమిదేళ్లంటే ఎనభై నాలుగు. అప్పటికి నేనే ఆ హాల్లో కథనై ఉంటాను, అది కూడా మీ ఫైలుకు ఎక్కుతదేమో.

కప్పు కారకుండా చెయ్యండి. పిలగాళ్ల ఐదు నెలల జీతం ఇయ్యండి. కప్పు ముందు, ఎందుకంటే మళ్లీ వానలు వస్తున్నయి. జీతం కూడా ముందే. ఏది ముందో మీరే చెప్పండి, రెండూ ముందే. ఫైల్లోంచి ఆ దయ్యం మాట కొట్టేయండి. కావాలంటే నేను వచ్చి ఒప్పుకోలు రాసిస్తాను, వేలిముద్ర కూడా వేస్తాను.

అన్నింటికన్నా చిన్నది ఒకటుంది. మా కాలంలో స్టేజి పక్కన రాత్రంతా ఒక జీరో బల్బు వెలిగేది. చీకట్లో ఎవరూ స్టేజి అంచు మీంచి పడకూడదని పెట్టింది. దయ్యాలకు సాధన చేసుకోవడానికి అని మేం నవ్వుకునేవాళ్లం. అమెరికా నాటకశాలల్లోనూ ఇట్లాంటి దీపమే పెడతారట, వాళ్లూ అదే జోకు వేసుకుంటారట. కరెంటు బిల్లు కట్టక మీటరు పీకేసిన నాటి నుంచి అది ఆరిపోయింది. ముందు ఆ మీటరు పెట్టించండి. బల్బు నేను కొంటాను.

తాళంచెవి ఎక్కడుందోనని వెతుక్కోకండి. మీ జిల్లా ఆఫీసులో ఇనుప అల్మారా పక్కన మేకుకు ఉంటది, ఎర్ర దారంతో కట్టిన చీటీ మీద రాత నాదే.

ఇట్లు,
తమ విధేయుడు,
రిటైర్డు అటెండరు,
హనుమకొండ