మాయల నవలలో ఇద్దరమ్మాయిల ప్రేమ: ఒక లేఖకు జవాబు

సంపాదకులకు నమస్కారములు.

టీనేజీ పిల్లల కోసం ఇంగ్లీషులో వస్తున్న ఫాంటసీ నవలల్లో స్వలింగ ప్రేమకథలు ఉంటున్నాయని ఆక్షేపిస్తూ, అటువంటి పుస్తకాలను గ్రంథాలయాల దరిదాపులకు రానీయరాదని కోరుతూ ఒక పాఠకుడు రాసిన లేఖను ఇటీవల మీ పత్రికలో చదివాను. హైస్కూల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని కనుక, ఆ కోవకు చెందిన నవలనొకదాన్ని మా మనవరాలి దగ్గర తీసుకుని, చివరికంటా చదివాకనే ఈ జవాబు రాస్తున్నాను.

ఆ నవలలో మంత్రం ఊరికే పలకదు. పడవ నడుపుకొనే ఇంట్లో పుట్టిన కథానాయిక చెప్పినట్టల్లా నీరు వింటుంది గానీ, మంత్రం చదివిన ప్రతిసారీ ఆమె గొంతు కొంత పోతూ ఉంటుంది. శత్రువుల కోటలోంచి పారిపోయి వచ్చిన మరో అమ్మాయి ఈ సంగతి కనిపెట్టి, ఒక్క మంత్రంతో దాటగలిగిన ఏటిని, ఆమెను నోరు విప్పనీయకుండా, తెల్లవార్లూ తానే తెడ్డు వేసి దాటిస్తుంది. వారి ప్రేమ మనకు తెలిసేది అక్కడే. అంతకు మించి ఆక్షేపించదగిన వర్ణన నాకెక్కడా కనబడలేదు. నడుమ మాంత్రికుడి ఉపన్యాసాలు విసుగు పుట్టించిన మాట నిజమే కానీ, ఆ లేఖ రాసినవారి ఫిర్యాదు దాని గురించి కాదు.

మాయలూ మంత్రాలూ పిల్లలను పెడదోవ పట్టిస్తాయన్న వాదన తెలుగువారు చేయవలసింది కాదు. 1947లో మొదలైన చందమామ ధారావాహికల్లోని మాంత్రికులతో, రాక్షసులతో రెండు మూడు తరాలు పెరిగి పెద్దవై, ఉద్యోగాలు చేసి రిటైరు కూడా అయ్యాయి. ఇక ఇదంతా విదేశీ వ్యవహారమన్న మాటకు వద్దాం. మాకు దగ్గరలోని ర్యాలి ఆలయంలో ఒకే శిలలో ముందు కేశవస్వామి, వెనుక జగన్మోహిని కొలువై ఉంటే, అర్చకులు దీపం పట్టి వెనుకవైపు పిక్క మీది పుట్టుమచ్చతో సహా చూపిస్తుంటే, మనం చంటిపిల్లలను ఎత్తుకుని మరీ చూపిస్తాం; మోహిని వెంట పరుగెత్తిన శివుని కథ వినిపిస్తాం. ఆ పురాణాన్ని నేటి ప్రేమకథకు సాక్ష్యంగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు, భక్తులను నొప్పించడం అసలే కాదు. రూపం మారడం, మారిన రూపాన్ని చూసి మనసు చలించడం మన పిల్లలు కొత్తగా వినే సంగతులు కావని మాత్రమే అంటున్నాను.

చట్టం సంగతికి వస్తే, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్‌పై సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 సెప్టెంబరు 6న ఇచ్చిన తీర్పుతో వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వడానికి 2023 అక్టోబరు 17న అదే న్యాయస్థానం నిరాకరించినా, ఆ మొదటి తీర్పు మారలేదు. నేరం కానిదానిని, అశ్లీలం లేనిదానిని గ్రంథాలయం గుమ్మం బయట నిలబెట్టమనడం ఏం న్యాయం?

నా ఫిర్యాదు మరొకటి. ఇటువంటి నవల తెలుగులో ఎందుకు లేదు? మన దగ్గర బొమ్మల కథలు దాటితే తిన్నగా పెద్దల నవలలే; పద్నాలుగేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు వారి వయసుకు తగినదంటూ దొరకడం కష్టం. కథావస్తువుకు కొరత ఉందా అంటే, అంతర్వేది స్థలపురాణం ఒక్కటి చాలు. రక్తవిలోచనుడనే రాక్షసుడి నెత్తురు తడిసినన్ని ఇసుక రేణువుల నుంచి అంతమంది రాక్షసులు పుట్టే వరం, ఆ నెత్తురు నేల తాకకుండా నాలుక చాచి పరిచిన అమ్మవారు! వరంలో మెలిక, మెలికకు విరుగుడు. ఈనాటి పిల్లలు ఫాంటసీలో వెతుక్కునేది సరిగ్గా ఇదే.

రాసేవారు ఆ ఇంగ్లీషు పద్ధతిని ఉన్నదున్నట్టు దించితే మాత్రం కుదరదు. అక్కడ ఇద్దరమ్మాయిలు ప్రేమించుకుంటే రాజ్యంలో ఎవరూ ఇదేమిటని అడగరు. కోనసీమలో అలా జరిగిందంటే ఎవరూ నమ్మరు. సంబంధాలు తెచ్చే పెళ్లిళ్ల పేరయ్య, అరుగు మీద కూర్చుని ఆరాలు తీసే పక్కింటి పిన్నిగారు, పరువు గురించి గొంతు పెంచే మేనమామ కథలో ఉండి తీరాలి. అలాగని సినిమాల్లోలాగా ఆ ఇద్దరినీ నవ్వులాటకు వాడుకోవడమో, చివరి అధ్యాయంలో ఒకరిని కాలవలోకి తోసి కన్నీళ్లతో ముగించడమో చేస్తే, చదివే పిల్లల్లో అటువంటి మనసున్నవారికి మనం ఏం చెప్పినట్టు?

అందుచేత మీ ఆదివారం అనుబంధంలో ఈ వయసు పాఠకుల కోసం ఒక ఫాంటసీ ధారావాహికకు చోటిచ్చి, రచనలు ఆహ్వానించవలసిందిగా కోరుతున్నాను. ఏ వయసువారికి ఉద్దేశించినదో మొదటి భాగం పైనే అచ్చువేస్తే, తల్లిదండ్రులు తమ నిర్ణయం తాము తీసుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
కొత్తపేట, కోనసీమ జిల్లా