గీసి చూడనివ్వండి, రాసి చూడనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కాలేజీలు తెరిచే రోజులు కదా, మా మనవరాలికి డ్రాయింగ్ సామాన్లు కొనడానికి పోయిన వారం ఇద్దరం తిరుపతి గాంధీ రోడ్డుకు పోయొచ్చాం. పాలిటెక్నిక్‌లో సివిల్ చేరింది. కాలేజీ వాళ్లు ఇచ్చిన చీటీలో డ్రాయింగ్ బోర్డు, మినీ డ్రాఫ్టర్, సెట్ స్క్వేర్లు, షీట్లు, అన్నీ సైజులతో సహా రాసి ఉన్నాయి. పెన్సిల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "మెకానికల్ పెన్సిల్ - 1" అని రాసి వదిలేశారు. లెడ్డు, అంటే లోపలి నల్ల పుల్ల, ఎంత మందం, ఎంత గట్టిది, ముందు గొట్టం ఎలా ఉండాలి, ఏమీ లేదు. రోజంతా చేతిలో ఉండేది ఆ ఒక్క వస్తువే.

షాపులో అబ్బాయి ఓ ప్లాస్టిక్ ప్యాకెట్ తీసిచ్చి "అందరూ ఇదే తీసుకుంటున్నారు మేడం" అన్నాడు. ఒక గీత గీసి చూస్తానంటే, ప్యాకెట్ చించితే వాపస్ తీసుకోం అన్నాడు. ఆ అబ్బాయి తప్పు కాదు, ఓనరు చెప్పిందే చెప్పాడు. వెనక క్యూ పెరుగుతోంది, మనవరాలు చెయ్యి పట్టి లాగుతోంది, డబ్బులిచ్చి వచ్చేశాం.

రెండో రోజు రాత్రి పదింటికి "అవ్వా, గీత సరిగ్గా రావట్లేదు" అని షీటు తెచ్చి చూపించింది. బోర్డరు గీత ఒక కొసన సన్నగా, ఇంకో కొసన లావుగా ఉంది. సెట్ స్క్వేర్ పెట్టి గీసిన రెండు సమాంతర గీతల మధ్య దూరం ఎడమవైపు 10 మిల్లీమీటర్లు, కుడివైపు దాదాపు 11. పెన్సిల్ తీసుకుని కళ్లజోడు దగ్గర పెట్టుకుని చూశాను. లెడ్డు బయటికొచ్చే చోట సన్న గొట్టమే లేదు, గరాటు మూతిలా లావు కొస నేరుగా లెడ్డు దాకా వచ్చింది. అలాంటప్పుడు సెట్ స్క్వేర్ అంచుకు ఆనేది లెడ్డు కాదు, ఆ లావు కొస. చెయ్యి కాస్త వంగితే చాలు, లెడ్డు అంచుకు దూరమో దగ్గరో అవుతుంది, గీత దాని వెంట పోతుంది. గోటితో నొక్కితే కొస కూడా కదులుతోంది. పాప రెండు గంటలు కూర్చుని గీసిన షీటది, మళ్లీ మొదటి నుంచి గీసింది.

నేను చిత్తూరులో ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను, మొత్తం 28 ఏళ్లు. ట్రేసర్ అంటే ఏంటో ఇప్పటి పిల్లలకు తెలియదు. పెన్సిల్‌తో గీసిన ప్లాను మీద అడుగు గీతలు కనపడే పల్చటి ట్రేసింగ్ క్లాత్ పరిచి, ఇండియన్ ఇంకు అనే చిక్కటి నల్ల సిరాతో మళ్లీ గీసేవాళ్లం. రూలింగ్ పెన్ అని రెండు రేకుల పెన్ను ఉండేది, పక్కనున్న స్క్రూ తిప్పితే గీత మందం మారేది, ఒక్క చుక్క ఎక్కువైతే రేకుల మధ్య నుంచి జారి పడేది. పడిన చుక్కను బ్లేడుతో గీకి తీయాలి. తర్వాత సన్న గొట్టం నుంచి ఒకే మందంలో ఇంకు దిగే రోట్రింగ్ పెన్నులు వచ్చాయి, ఆ టెన్షన్ కొంత తగ్గింది. పెన్సిల్ అంటే మాకు 2 మిల్లీమీటర్ల లావు లెడ్డును బిగించి పట్టుకునే క్లచ్ పెన్సిల్, పక్కన శాండ్ పేపర్ ముక్క. నాలుగు గీతలు గీయడం, మొన అరగదీయడం, వేళ్ల మధ్య తిప్పుకుంటూ మళ్లీ గీయడం. మా ఆఫీసులో ఒకాయన మద్రాసు బర్మా బజారు నుంచి మొదటిసారి 0.5 మిల్లీమీటర్ల లెడ్డు పెన్సిల్ తెచ్చినరోజు అందరం వరసగా నిలబడి ఒక్కో గీత గీసి చూశాం. చెక్కే పని లేకుండా, మొదటి గీతా వందో గీతా ఒకే సన్నం. అందుకే చెప్తున్నాను, గీసి చూడకుండా కొనే వస్తువు కాదిది.

డ్రాఫ్టింగ్ పెన్సిల్ అని వేరుగా చెప్పడానికి కారణం దాని ముందుండే సన్న ఉక్కు గొట్టం. దాదాపు 4 మిల్లీమీటర్లు నిటారుగా ఉంటుంది, స్కేలు అంచుకు గొట్టం ఆనుతుంది, లెడ్డు అంచుకు సమాంతరంగా పోతుంది, మొన ఎక్కడుందో కంటికి తెలుస్తుంది. పట్టుకునే చోట గరుకు లోహం ఉంటే చెమట పట్టినా జారదు, మన ఊరి ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. పెంటెల్ కంపెనీ పి205 పెన్సిల్ దశాబ్దాలుగా అదే రూపంలో వస్తోంది, ఒళ్లు ప్లాస్టిక్, తేలిక, మొదటిసారి కొనే పిల్లలకు అది చాలు. రోట్రింగ్ 600 పెన్సిల్‌ది ఇత్తడి ఒళ్లు, బరువుగా ఉంటుంది, కొందరికి ఆ బరువు చేతిని నిలకడగా ఉంచుతుంది, కొందరికి గంట తిరక్కుండానే మణికట్టు లాగుతుంది. ఎవరికి ఏది సరిపోతుందో ప్యాకెట్ మీద రాసి ఉండదు కదా. ఒక్క జాగ్రత్త మాత్రం అందరికీ చెప్పాలి, ఆ గొట్టం లోపలికి పోని రకమైతే పెన్సిల్ మొనమీద కింద పడిందా, గొట్టం వంగిందన్నమాటే. చొక్కా జేబులో పెట్టుకుంటే బట్టా చిరుగుతుంది. డబ్బాలో పెట్టుకుని తీసుకెళ్లమనండి.

లెడ్డు గురించి కూడా చెప్తాను, షాపులో "హెచ్‌బీ ఇవ్వండి" అని ఊరుకుంటారు కాబట్టి. హెచ్ అంటే గట్టిది, బీ అంటే నల్లగా మెత్తగా వచ్చేది. గ్రాఫైట్‌లో బంకమన్ను ఎంత కలిపితే అంత గట్టిపడుతుందని ఫ్రాన్స్‌లో కాంటే అనే ఆయన 1795లోనే చేసి చూపించాడు. సన్న లెడ్డుకు ఆ మట్టి బలం చాలదు, 1960 ప్రాంతంలో జపాన్ వాళ్లు ప్లాస్టిక్ లాంటి రెసిన్ కలిపి చేశాకే 0.5 లాంటివి విరగకుండా నిలబడ్డాయి. డ్రాయింగ్ పిల్లలకు ముందుగా లేతగా గీసుకోవడానికి 2హెచ్, చివరికి ముదురుగా గీయడానికి హెచ్ లేదా హెచ్‌బీ. లావు గీత సన్న గీతకు రెండింతలు ఉండాలని క్లాసులో చెప్తారు, ఒకే 0.5 పెన్సిల్‌ను నొక్కి ఒకసారి, తేల్చి ఒకసారి గీస్తే అది రాదు, నలుపు పెరుగుతుంది గానీ మందం పెరగదు. 0.3 ఒకటి, 0.5 ఒకటి, లేదా 0.5, 0.7, రెండు పెన్సిళ్లు కొనిస్తేనే, కచ్చితంగా రెండింతలు కాకపోయినా, మందంలో తేడా షీటు మీద కనపడుతుంది. లోపల రెండు మూడు లెడ్డులకు మించి వేయొద్దు, ఇరుక్కుంటాయి. రెండు నొక్కులకు మించి బయటికి తీయొద్దు. మా పాప అరచేతి పక్కంతా నల్లగా అయి షీటు మూలన పేరు, వివరాలు రాసే టైటిల్ బ్లాక్ మీద మరక పడిందంటే, ప్యాకెట్‌లో వచ్చిన లెడ్డు పొడిపొడిగా రాలే రకం కాబట్టే.

ఇక ఇంకు పెన్ను. మనవరాలి తమ్ముడు తొమ్మిదో తరగతి, నడివేలి పక్కన శనగగింజంత కాయ కాసింది. నోట్సు పేజీ తిప్పి వెనక వేలు పెట్టి రాస్తే అక్షరాలు తగులుతాయి, అంత నొక్కి రాస్తున్నాడు. బాల్ పెన్నులో చిన్న గుండు దొర్లితేనే ఇంకు వస్తుంది, అందుకు నొక్కాలి, పట్టు బిగుస్తుంది. ఇంకు పెన్నులో నొక్కే పనే లేదు, పాళీ చీలిక వెంట ఇంకు తనంతట తాను దిగుతుంది, కాగితం తాకితే చాలు. మన తెలుగు అక్షరం అంతా గుండ్రం, తలకట్టు, గుడి, ఒత్తు, ఎత్తి దించి తిప్పుతూ పోయేది, అలాంటి రాతకు నొక్కనక్కర్లేని పెన్నుంటే వేలికి ఎంత సుఖమో పది పేజీలు రాస్తే తెలుస్తుంది. వాడికి నా పాత ఎబొనైట్ (గట్టి రబ్బరు) ఇంకు పెన్ను ఇచ్చాను. నాలుగు రోజులు రాశాక, స్కూల్లో ఇంకు పెన్నులు తేవొద్దన్నారని తిరిగిచ్చేశాడు. బెంచీల మీద మరకలు పడుతున్నాయట.

మరక ఎందుకు పడుతుందో చెప్పనివ్వండి, పెన్ను మానేయక్కర్లేదు. ఫిల్లర్‌తో నేరుగా గొట్టంలో ఇంకు పోసుకునే పెన్నులో ఇంకు తగ్గేకొద్దీ గాలి పెరుగుతుంది, చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును పాళీ దగ్గరికి తోస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో చెప్పనక్కర్లేదు. అందుకే మూడోవంతుకు తగ్గకముందే మళ్లీ నింపాలి, జేబులో పాళీ పైకి ఉండేలా పెట్టుకోవాలి. పిల్లలకైతే కన్వర్టర్, అంటే లోపల ఇంకు పీల్చుకునే చిన్న గొట్టం, ఉన్న పెన్ను మేలు, దాంట్లో పట్టేదే కొంచెం ఇంకు. ఇండియన్ ఇంకు, వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకు మాత్రం ఇంకు పెన్నులో పోయొద్దు, అందులో లక్క లాంటి బంక ఉంటుంది, ఎండితే లోపల దారి మూసుకుపోతుంది. బ్రిల్, కామ్లిన్ లాంటి మామూలు ఇంకు చాలు. రంగు మార్చేటప్పుడు మామూలు చల్లనీళ్లతో నీళ్లు తేటపడేదాకా కడగండి, వేడినీళ్లు వద్దు, స్పిరిట్ వద్దు.

కొనేటప్పుడు పాళీని వెలుతురుకు పెట్టి చూడండి, చీలిక తిన్నగా ఉండాలి, రెండు కొసలు సమంగా ఉండాలి, ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటే గీసుకుంటుంది. తర్వాత నొక్కకుండా ఎనిమిది అంకె పెద్దదిగా నాలుగుసార్లు తిప్పి రాయండి. అన్ని వైపులకూ ఒకేలా జారితే తీసుకోండి. ఇంకు పెన్ను ఇంకొకరికి ఇస్తే పాళీ అరిగిపోతుందంటారు, కొసన ఉండే గట్టి లోహం అంత తేలిగ్గా అరగదు. చెడేది నొక్కినందువల్ల, కొసలు విడిపోయి. ఓ ఆఫీసులో ఫారం నింపుతుంటే పక్కనున్నాయన అడిగితే నా పెన్ను ఇచ్చాను, మూడు కాపీల కార్బన్ మీద నొక్కి సంతకం పెట్టాడు. ఆ పాళీ మళ్లీ దారికి రాలేదు.

మన దగ్గర పెన్నులకేం కొదవ లేదు. రాజమండ్రిలో కె.వి. రత్నం గారు స్వదేశీ పెన్ను చేసి గాంధీ గారికి పంపితే, ఆయన 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు, ఆ పెన్నులు ఇప్పటికీ రాజమండ్రిలో తయారవుతున్నాయి. అంత పేరున్న వస్తువు మన పిల్లల బెంచీ మీదికి రాకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది. పరీక్షల్లో గుండ్రాలు నింపే ఓఎంఆర్ షీటుకు బాల్ పెన్నే వాడమంటారు, అది సరే, వాడనివ్వండి. ఇంట్లో నోట్సుకు, తెలుగు క్లాసుకు ఇంకు పెన్ను తెచ్చుకుంటానన్న పిల్లవాణ్ణి ఆపొద్దని హెడ్‌మాస్టర్లను అడుగుతున్నాను.

తిరుపతి, చిత్తూరు స్టేషనరీ షాపుల వాళ్లకు ఒక్కటే కోరిక. కౌంటర్ మీద ఒక డ్రాయింగ్ షీటు ముక్క, ఒక చిన్న సెట్ స్క్వేర్, ఒక సిరాబుడ్డి, ప్రతి రకం నుంచి ఒక్కో పెన్సిల్, ఒక్కో పెన్ను విప్పి పెట్టండి. రోజూ అమ్మే ప్యాకెట్లలో ఒకటి విప్పితే ఏం పోతుంది? కాలేజీల వాళ్లు ఆ చీటీలో "పెన్సిల్ - 1" తీసేసి ఇలా రాయండి: "డ్రాఫ్టింగ్ పెన్సిల్ 0.5, ముందు 4 మిల్లీమీటర్ల నిటారు గొట్టం ఉన్నది, లెడ్డు 2హెచ్ ఒక డబ్బా, హెచ్‌బీ ఒక డబ్బా. లావు గీతలకు 0.7 ఒకటి." ఒక్క లైనే పెరుగుతుంది. ఇంకా చేరాల్సిన పిల్లలు ఉన్నారు కాబట్టి ఈ వారంలోనే మార్చి ఇవ్వండి. మా పాప రెండో పెన్సిల్ నేనే వెళ్లి, వేరే షాపులో, గీసి చూశాకే తెచ్చాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్,
తిరుపతి