సోమవారం బెంచ్ ప్రెస్ ఎందుకు తీసేశానంటే

మెంబర్లందరికీ నమస్కారం.

వచ్చే సోమవారం నుంచి మన టైమ్‌టేబుల్ మారుతోంది. దసరాకి ముందే వస్తాయన్న రెండో ర్యాక్ (బార్ ఆనించే స్టాండు), కొత్త బార్ (బరువులెక్కించే కడ్డీ) నిజానికి వచ్చాయి. నేనే వెనక్కి పంపేశాను.

బార్ మందం 28 మిల్లీమీటర్లని బిల్లులో ఉంది. పట్టుకోగానే సన్నగా అనిపించింది. ఆటోనగర్‌లో తెలిసిన లేత్ షాపు నుంచి వెర్నియర్ తెచ్చి కొలిస్తే 25. ఆడవాళ్ళ 15 కిలోల ఒలింపిక్ బార్ కూడా 25 మిల్లీమీటర్లే, కానీ దాని ఉక్కు వేరు. దీనికి 120 కిలోలు ఎక్కించి దించి, నేల మీద దొర్లిస్తే మధ్యలో ఎగిరెగిరి పడుతోంది. అంటే వంగింది మళ్ళీ నిటారు కాలేదు. స్లీవ్ (ప్లేట్లు ఎక్కించే చివరి భాగం) అంచున గోరుతో గీకితే క్రోమ్ పొరలుగా లేచొచ్చింది. మన ఉప్పుగాలికి అది సంక్రాంతి దాకా ఆగదు. ఫోన్ చేస్తే సప్లయర్ ‘మామూలు జిమ్‌కి ఇది చాల్లెండి సార్’ అన్నాడు. గాజువాకలో, సగంమంది స్టీల్ ప్లాంట్ వాళ్ళుండే జిమ్‌కి! ర్యాక్ బాగానే ఉంది కదా, అదైనా ఉంచుకోవాల్సిందని మా ఆవిడ కూడా అంది. అతని సరుకేదీ నాకొద్దు. అడ్వాన్స్ వసూలు చేసుకోవడం నా తలనొప్పి, మీ ఫీజు పైసా పెరగదు.

ఒక్క ర్యాక్‌తో వారం ఇలా నడుస్తుంది. సోమ, గురువారాలు స్క్వాట్, అంటే బార్ భుజాల మీద పెట్టుకుని గుంజీళ్ళు. మంగళ, శుక్రవారాలు బెంచ్, అంటే పడుకుని ఛాతీ మీంచి బార్ ఎత్తడం. బుధవారం డెడ్‌లిఫ్ట్ (బార్ నేల మీంచి ఎత్తడం), దానికి నేల చాలు కాబట్టి ర్యాక్‌లో ఓవర్‌హెడ్ ప్రెస్ (బార్ తలపైకి ఎత్తడం). శనివారం, వారంలో ఏదైనా మిస్సయినవాళ్ళకి.

సోమవారం బెంచ్ తీసేయడానికి మాత్రం చాలా మథనపడ్డాను. జిమ్ తెరిచిన దగ్గర్నుంచీ సోమవారమంటే చెస్టే. కొందరు ఆ ఒక్కరోజే ఠంచనుగా వస్తారు. అయితే స్క్వాట్‌కి వార్మప్ సెట్లే బోలెడు, ఆదివారం సెలవు తర్వాత కాళ్ళూ నడుమూ ఫ్రెష్‌గా ఉంటాయి. దాన్ని వారం చివరికి నెడితే ఎవరూ రారు, నాకు తెలుసు. పైగా ఎక్కువ బరువుతో చేసే స్క్వాట్‌కీ డెడ్‌లిఫ్ట్‌కీ మధ్య ఒక్కరోజైనా ఖాళీ ఉండాలి, రెండిట్లోనూ అలిసేది నడుమే. అందుకే గురువారం స్క్వాట్ తేలిక బరువుతోనే. సోమవారం చెస్ట్ చేసి తీరాలనేవాళ్ళకి డంబెల్స్ ఉన్నాయి. అదీ కుదరదంటే మిగిలిన ఫీజు వాపసు ఇస్తాను, అలగక్కర్లేదు.

ఏ రోజైనా ఆ రోజు లిఫ్టే ముందు. సెట్‌కి మూడు నుంచి ఐదు రెప్స్ (ఎత్తి దించడాలు), సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు మూడు నిమిషాలు. కర్ల్స్, ట్రైసెప్స్ తర్వాత. ర్యాక్‌లో నిలబడి బైసెప్స్ కొట్టేవాళ్ళని ఇక మొహమాటం లేకుండా బయటికి పంపుతా.

షిఫ్టు డ్యూటీ వాళ్ళు మీ వచ్చే వారం షిఫ్టులు శనివారంలోగా వాట్సాప్ చెయ్యండి. మీ ర్యాక్ టైము దాన్నిబట్టి రాస్తాను.