కన్నా, నీకు కావాల్సింది ఇంకో ప్రీయాంప్ కాదు

కన్నా,

వాల్యూమ్ నాబ్ కాస్త కదిపితే చాలు ఇల్లు దద్దరిల్లుతోందన్నావు. పాట ఆపినా ట్వీటర్‌లోంచి, అంటే సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకర్‌లోంచి, సన్నగా 'స్' మంటోందన్నావు. అందుకని ఇంకా పెద్ద ప్రీయాంప్ (పవర్ యాంప్‌కి ముందు ఉండే, వాల్యూమ్ నాబ్ ఉన్న పెట్టె) కొంటానంటున్నావు. కొనకు. ఆ రెండింటికీ మూలం ఒకటే అనిపిస్తోంది. నీ సిస్టమ్‌లో గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో అది, మరీ ఎక్కువైంది.

నువ్వు పంపిన పేజీలో పవర్ యాంప్ (స్పీకర్లని నడిపేది) సెన్సిటివిటీ 1 వోల్ట్ అని ఉంది. ఇన్‌పుట్‌కి 1 వోల్ట్ అందితే అది తన 100 వాట్లూ ఇచ్చేస్తుంది. 8 ఓమ్‌ల స్పీకర్ దగ్గర 100 వాట్లంటే సుమారు 28 వోల్టులు. అంటే ఆ ఒక్క యాంపే 28 రెట్లు, డెసిబెల్స్ లెక్కలో 29, పెంచుతోంది. సీడీ ప్లేయర్ నుంచి మామూలుగానే 2 వోల్టులు వస్తాయి. ప్రీయాంప్ ఏమీ పెంచకపోయినా అవసరానికి రెట్టింపు ఉంది. దానిమీద నీ ప్రీయాంప్ ఇంకో 20 డెసిబెల్స్, అంటే పది రెట్లు పెంచుతుంది!

ఇంట్లో మామూలుగా వినడానికి సాధారణంగా ఒక వాట్ చాలు. ఆ ఒక్క వాట్‌కి పవర్ యాంప్ అడిగేది 0.1 వోల్టే. సీడీ ప్లేయర్ 2 వోల్టులు ప్రీయాంప్‌లో 20 అవుతాయి కాబట్టి నాబ్ 200 రెట్లు, అంటే 46 డెసిబెల్స్ తగ్గించాల్సి వస్తోంది. చాలా పొటెన్షియోమీటర్లు (నాబ్ తిప్పే భాగాలు) సరిగ్గా ఆ అడుగుభాగంలోనే ఎడమ, కుడి ఛానెళ్లను సమానంగా ఉంచలేవు. రాత్రి మెల్లగా పెట్టినప్పుడు గొంతు ఒక పక్కకి జరుగుతోందన్నావే, అది దీనివల్లే అయ్యుంటుంది. నాబ్ కొంచెం తిప్పగానే మోత వస్తోంది కాబట్టి లోపల ఇంకా బోలెడు పవర్ ఉందనుకోకు. నాబ్ ఎక్కడున్నా ఆ 100 వాట్లు 100 వాట్లే.

ఇక ఆ 'స్' సంగతి. ప్రీయాంప్‌లో నాబ్ తర్వాత ఉండే సర్క్యూట్ నాయిస్‌ని నాబ్ తగ్గించలేదు. అది నేరుగా పవర్ యాంప్‌కి వెళ్లి 28 రెట్లవుతుంది. నాబ్ సున్నాలో పెట్టి ట్వీటర్ దగ్గర చెవి పెట్టు. తర్వాత పవర్ యాంప్ ఆపి, ప్రీయాంప్ కేబుల్స్ తీసి, ఇన్‌పుట్‌లకి షార్టింగ్ ప్లగ్స్ (ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి కలిపేసేవి) పెట్టి, ఆన్ చేసి మళ్లీ విను. ఇన్‌పుట్‌లు ఖాళీగా వదిలేస్తే 'మ్' మనే హమ్ వచ్చి నిన్ను తికమక పెడుతుంది. అప్పుడు 'స్' తగ్గితే అది ప్రీయాంప్‌ది.

ప్రీయాంప్ వెనక గెయిన్ స్విచ్ గానీ, పవర్ యాంప్‌కి లెవెల్ కంట్రోల్ గానీ ఉన్నాయేమో ముందు చూడు. లేకపోతే సిగ్నల్‌ని తగ్గించే రెండు అటెన్యుయేటర్ ప్లగ్స్ చాలు. వాటిని పవర్ యాంప్ ఇన్‌పుట్ దగ్గరే పెట్టాలి. సీడీ ప్లేయర్ వైపు పెడితే నాబ్ ఎక్కువ తిరుగుతుంది కానీ ప్రీయాంప్ నాయిస్ అలాగే ఉంటుంది.

20 డెసిబెల్స్‌వి తీసుకోకు, నీకు రికార్డులు కూడా వినాలి కదా. 3 మిల్లీవోల్టుల కార్ట్రిడ్జ్ (రికార్డు మీద తిరిగే సూది భాగం), దాని సిగ్నల్‌ని 40 డెసిబెల్స్, అంటే వంద రెట్లు పెంచే ఫోనో స్టేజ్ కలిసి ఇచ్చేది 0.3 వోల్ట్. నీ ప్రీయాంప్ దాన్ని 3 వోల్టులు చేస్తుంది. 10 డెసిబెల్స్ ప్లగ్స్‌తో పవర్ యాంప్ ఫుల్ పవర్‌కి అడిగేది 3.2 వోల్టులు, దాదాపు సరిపోయింది. 20 పెడితే 10 వోల్టులు కావాలి, రికార్డులు నీరసంగా వినిపిస్తాయి. అందుకే నా ఓటు 10కే.

ప్రీయాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం, ఓమ్‌లలో) ఎంతో పంపు. ప్లగ్స్ దానికి బరువు కాకుండా ఉండాలంటే వాటి ఇన్‌పుట్ ఇంపిడెన్స్ కనీసం పది రెట్లు ఉండాలి. అది చూసి ఏవి కొనాలో చెప్తాను.

అమ్మ