వార్షిక నివేదిక: బూడిద దిబ్బ బోర్డు మీద ఏం రాయాలి?

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు విడి కాగితంలో ఉన్నాయి, కోశాధికారి సభలో చదువుతారు. ఈ ఏడాది మన కార్యవర్గానికి ఎక్కువ పొద్దు ఒక్క తగువుతోనే గడిచింది. ఉట్నూరు బూడిద దిబ్బ (ఎప్పుడో పాతకాలంలో కాలి పోగుపడ్డ బూడిద గుట్ట) గురించి మన బోర్డు మీద ఏం రాయాలన్నదే ఆ తగువు. (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాది. పర్యటనకు బయల్దేరే రోజు దాకా ఇద్దరు అటే అనుకున్నారు.)

'యజ్ఞభస్మం' అని రాయమన్నారు కొందరు పెద్దలు. ఇలాంటి మాట కొత్తదేమీ కాదు. బళ్లారి దగ్గర కుప్గల్ దిబ్బను భీముడు చంపిన హిడింబాసురుడి బూడిద అనేవారు. దొరలేమో అగ్నిపర్వతం అన్నారు, ఇనుము కరిగించిన చిట్టెం అన్నారు. పేడ కాలిన బూడిదని గట్టిగా చెప్పినవాడు భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్.

1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ ఉట్నూరులో తవ్వాక సంగతి తేటపడింది. తాటి మొద్దులు పాతిన గుంతలు వరసగా బయటపడ్డాయి. వాటి మధ్య పశువుల గిట్టల అచ్చులూ ఉన్నాయి. అంటే అది వందల పశువులు పట్టే దొడ్డి, నాలుగు వేల ఏళ్లకు పైబడిన నవీన శిలాయుగం వాళ్లది. పోగైన పెండ మండి, కొన్నిచోట్ల కరిగి గాజు ముద్దల్లా గట్టిపడింది. దడి కాలడం, మళ్లీ అక్కడే కట్టడం, ఇది పలుమార్లు జరిగింది.

అందుకే ఆల్చిన్ దీన్ని ప్రమాదం అనుకోలేదు. ఏటా కావాలనే పెట్టిన నిప్పు అని, సంక్రాంతి, హోళీ మంటలకు అది పూర్వరూపం కావచ్చని ఊహించారు. భోగి మంట ఎరిగిన మనకు ఆ మాట వెంటనే నచ్చుతుంది. అక్కడే జాగ్రత్త పడాలి. గుంజ గుంత దడి ఉందని చెబుతుంది కానీ, ఏ పండగో చెప్పదు. పైగా కర్ణాటకలోని బుదిహాళ్‌లో పురావస్తు శాస్త్రవేత్త పద్దయ్య తవ్వకాల్లో దిబ్బ పక్కనే ఇళ్లు, పశువులను కోసిన చోటు దొరికాయి. మంద తోలుకొచ్చి నాలుగు రోజులుండి పోయిన మజిలీ కాదది, జనం కాపురమున్న ఊరు.

చివరికి బోర్డు మీద 'పశువుల దొడ్డి' అని పెద్దక్షరాల్లో, పండగ మాట 'ఒక ఊహ' అని చిన్నక్షరాల్లో రాయాలని తీర్మానించాం. 'యజ్ఞం' తీసేశాం. అలిగినవారు సభకు తప్పక రావాలి.

వచ్చే ఏడాది పర్యటన అనంతపురం జిల్లా పాలవాయి దిబ్బకు. ఎండ బాగా ఉంటుంది, టోపీలు తెచ్చుకోండి. కిందటిసారి గాజు ముద్ద జేబులో వేసుకొచ్చిన సభ్యులు దాన్ని కార్యదర్శికి అప్పగించగలరు.