చిన్న కామిక్స్ కంపెనీల సరుకు సంగతి ఎవరూ రాయరేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో సూపర్‌హీరో సినిమాల కలెక్షన్లు బాగానే వేస్తారు గానీ ఆ బొమ్మల పుస్తకాలు అమ్మే షాపుల గోడు ఒక్కసారి కూడా రాలేదండీ. మేం న్యూజెర్సీలో ఉంటాం, బుధవారం కొత్త కామిక్స్ వస్తాయి కాబట్టి మా అబ్బాయిని షాపుకి తీసుకెళ్తా, అక్కడ అట్టపెట్టె మీద వాడి పేరు రాసి పుస్తకాలు పక్కన పెట్టి ఉంచుతారు. పోయినేడాది ఆ పెట్టె చాలాసార్లు సగం ఖాళీగానే ఉంది.

1982లో మొదలైన డైమండ్ అనే పంపిణీ కంపెనీ ఏళ్ల తరబడి దాదాపు అన్ని షాపులకీ సరుకు వేసేది, సూపర్‌హీరో కామిక్స్ వేసే పెద్ద కంపెనీల్లో 2020లో డీసీ, 2021లో మార్వెల్ దాన్ని వదిలి వేరే దారి చూసుకున్నాయి, 2025 జనవరిలో అది దివాలా పిటిషన్ వేసింది. పెద్దోళ్లు ముందే బయటపడ్డారు, చిన్న పబ్లిషర్లే ఇరుక్కుపోయారు. డైమండ్ వాళ్లేమో, అమ్ముడయ్యాకే డబ్బులిస్తాం అని తీసుకుని గోడౌన్లో పెట్టుకున్న పుస్తకాలు, అంటే ఇంకా పబ్లిషర్లవే, వాటినే అమ్మి అప్పులు తీర్చుకుంటాం అని కోర్టుకెళ్లారు, ఇదెక్కడి న్యాయమండీ? బొమ్మలు గీసినోళ్ల కష్టం కదా అది! దయచేసి దీని మీద ఒక మంచి కథనం వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, న్యూజెర్సీ